ఎనభైనాలుగు రోజులు

నువ్వు ఒగ్గీసి ఎల్లిన సిమ్ము
బతికే ఉంది మావా.
పాత మీటల ఫోన్లో ఏసి
సంచిలో పెట్టి కిటికీ సువ్వకి కట్టాను.
అక్కడైతేనే రెండు గీతల సిగ్నలు.
వానొస్తే ఒకటి.
తుపానైతే ఆ ఒకటీ నేదు.

ఎనభైనాలుగు రోజులకోపాలి
కాశీబుగ్గ రైలుగేటు కాడ
రీచార్జి ఏయిస్తన్నాను.
కేలండర్లో నేను సున్నా సుట్టిన తారీకు
పండగ కాదు, అమాస కాదు,
నీ సిమ్ము గడువు.
మస్కట్ నుంచి డబ్బులు పడిన రోజు
ముందు ఆ ఫోనే కూస్తాది,
తరవాతే నువ్వు.

నా పేరున ఏటుంది సెప్పు?
గ్యాసు బండ నీ పేరున.
కరెంటు మీటరు మీ అయ్య పేరున,
ఆయన పోయి ఆరేళ్ళు,
బిల్లు మాత్రం నెలనెలా ఆయన్నే పిలుస్తాది.

బేంకు మిత్ర పిల్ల లోహిత
మిషనట్టుకుని ఇంటికొచ్చింది.
బొటనేలు పెట్టాను.
సరిపోలేదంది మిషను.
తుడిసి పెట్టాను.
కొబ్బరినూని రాసి పెట్టాను.
పదకొండు సంవత్సరాలు
జీడిపిక్కలు కొట్టిన వేళ్ళు మావా,
గీతలన్నీ జీడి సొన తినీసింది.
పలాస పప్పు తెల్లగా, డబ్బాల్లో, ఊళ్ళు తిరుగుతాది.
దాన్ని ఒలిసిన ఏలికి
నేనెవరో సెప్పడం రాదు.

అంచేత అంకెలే మనకి దిక్కు.
అక్కడ నువ్వు నొక్కుతావు,
ఇక్కడ ఫోను కూస్తాది,
నేను సదువుతాను:
నాలుగు, సున్నా, ఏడు, ఏడు, ఒకటి, మూడు.
నేనిక్కడ గంజి వారస్తుంటే
నువ్వక్కడ ఇంకా హెల్మెట్టు తియ్యలేదు,
గంటన్నర ఎనకున్నావు.
పాప ఫీజు అలాగే కట్టాం.
గాలికెగిరిన రేకులు అలాగే కొన్నాం.
కొన్ని వారాలు మొగుడూ పెళ్ళాం మాటలన్నీ
ఆ ఆరంకెలే.

మొన్న మంగళవారం రాత్రి కూసింది.
"సదువు" అన్నావు.
ఆ మెసేజీలో అంకెల ముందు ఇంకో అంకె ఉంది,
మూడు పక్కన అయిదు సున్నాలు.
దేనికన్నాను.
"ముందు సదువు, టైమైపోతాది."
దేనికి?
"మా కేంపులో ఫోర్మేన్ జోగులు...
విశాఖలో సైటు... ఆడి బావమరిది..."
ఎవరి పేరున?
నీ ఊపిరి ఇనిపించింది.
నీ ఎనకాల ఎవరో హిందీలో అరిసేరు,
ఏదో గిన్నె పడింది.
కాయితాలు సూసావా?
"వాట్సాపులో పంపాడు."

బొటనేలు పెట్టి అంకెల్ని మూసీసాను,
మిషను గుర్తుపట్టని బొటనేలే.
పది నిమిషాలు.
గోడ గడియారం కింద కూకుని
ఒక అంకె ముసిలిదై సచ్చిపోడం సూసాను.
నువ్వు తిట్టావు.
ఫోను పెట్టీసావు.
నేను సారు దించి పడుకున్నాను.
నిద్ర పట్టలేదు, అబద్ధమెందుకు.

శుక్రవారం బేంకుకెళ్ళాను.
ఒకరోజు కూలి పోయింది, పోనీ.
నువ్వు ఎన్నారై ఖాతా తెరిస్తే
పక్కన నా పేరెక్కించొచ్చంట.
కౌంటర్లో కుర్రోడు ఫారం సదివి ఇనిపించాడు,
ఒక సోట ఇలాగుంది:
"మొదటివారు లేదా బతికున్నవారు."
మళ్ళీ సదవమన్నాను.
మొదటివారు నువ్వు.
మన ఇంట్లో ఎవరం నోటికి రానియ్యని మాట
అచ్చులో ఎంత మెత్తగా ఉందో.
ఆ కుర్రోడు పెన్ను మూత కొరుక్కుంటా
నా ఎనకున్నాయన్ని పిలిసేడు.

దున్న సింహాచలం వచ్చే నెల ఎల్తన్నాడు.
అరకిలో పప్పు, ఎండునెత్తళ్ళు,
మధ్యలో మడతెట్టి ఆ ఫారం.
ఇంటూ గుర్తు పెట్టిన సోటల్లా సంతకం పెట్టు.
నూనె మరక అయితే అయింది,
కుర్రోణ్ణి అడిగాను, పరవాలేదన్నాడు.

సైటు సంగతి నాతో మాట్టాడు.
వద్దని ముందే అనీలేదు నేను.
మంగళవారం నాటిలాగ కాదు,
అంకెలు సదివినట్టు,
ఒక్కొక్కటీ.

సిమ్ముకి ఇంకా
పంతొమ్మిది రోజులున్నాయి.